అద్దాల అల్మరా, వెనక సొరుగు

ఏలూరులో మాకొక మందుల షాపు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కౌంటర్ వెనక నేనే కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళ కంటికి ఎదురుగా ఒక అద్దాల అల్మరా ఉంటుంది. అందులో మూడు వరసల నిండా జుట్టుకు సంబంధించిన సీసాలే. ఉల్లి నూనె, మందార నూనె, గుంటగలగరాకు నూనె, రోజ్‌మేరీ నీళ్ళు, బయోటిన్ బిళ్ళలు, పేరు పలకడానికి నోరు తిరగని సీరమ్‌లు. నా వీపు వెనక ఒక సొరుగు ఉంది. అందులో మినాక్సిడిల్ సీసాలు, ఫినస్టెరైడ్ మాత్రల అట్టలు ఉంటాయి. అద్దాల అల్మరాలో సరుకు నిలవ ఉండదు. సొరుగు మాత్రం ఎప్పుడో గాని తెరవం. ఈ రెంటికీ తేడా ఏమిటో, దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి పెట్టనక్కర్లేదో ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను.

రెండేళ్ళ కిందట సంక్రాంతి ముందు ఒక అబ్బాయి వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. హెల్మెట్ తీసి కౌంటర్ మీద పెట్టి, చేతిలో ఉన్న కవర్లోంచి నాలుగు ఖాళీ సీసాలు తీసి వరసగా నిలబెట్టాడు. "మేడమ్, వీటిలో ఏది బాగా పనిచేస్తుందో చెప్పండి, అదే మళ్ళీ తీసుకుంటాను" అన్నాడు. అడుగుతున్నంతసేపూ అతని చెయ్యి నుదుటి మీదకి పోతూనే ఉంది. ఆ నాలుగింటికీ ఎంతయిందని అడిగాను. ఎనిమిది నెలల్లో నాలుగు వేల పైచిలుకు. ఇంటింటికీ తిరిగి ఫైనాన్స్ వాయిదాలు వసూలు చేసే ఉద్యోగం అతనిది. నెల జీతంలో నాలుగు వేలంటే ఎంతో మీకు చెప్పనక్కర్లేదు.

నేను ఒక్కో సీసా తిప్పి వెనకవైపు చదివాను. మీరూ ఇంట్లో ఉన్న సీసా ఒకసారి అలా తిప్పి చూడండి. మందు అయితే, ఏ మందు, ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో రాసి తీరాలి. మినాక్సిడిల్ 5 శాతం అంటే, ఒక మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. సౌందర్య సాధనం అయితే, అందులో కలిపినవాటి పేర్లు వరసగా ఉంటాయి గాని, ఏది ఎంతో ఉండనక్కర్లేదు. ఆ అబ్బాయి తెచ్చినవాటిలో మూడు ఆ రకం. నాలుగోది ఆయుర్వేద నూనె. మూలికల పేర్లున్నాయి, కొలతలున్నాయి, దాన్ని రాసుకుంటే కొత్త జుట్టు వస్తుందని ఏ పరీక్షలో తేలిందో మాత్రం లేదు. "జుట్టు రాలడాన్ని తగ్గిస్తుంది" అన్న మాట పక్కన చిన్న చుక్క గుర్తు, దాని వివరణ సీసా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో: తెగిపోవడం వల్ల రాలే జుట్టుకు మాత్రమేనని. కుదురు నుంచి ఊడే జుట్టుకు కాదన్నమాట. అంత చిన్న అక్షరాల్లో ఉన్న ఆ మాటే అసలు మాట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గి, తిరిగి బడికి పోవడం మొదలుపెట్టిన రెండు నెలలకు, దువ్వెన పెడితే చాలు జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వచ్చేసేది. మా అమ్మ ఏడ్చింది. పెరట్లో మందార ఆకులు, పూలు నూరి, కొబ్బరినూనెలో కాచి, రోజూ రాత్రిపూట తలకు పట్టించింది. ఆ వేసవి దాటేసరికి రాలడం ఆగింది. మరుసటి ఏడాదికి జడ మళ్ళీ జడలా అయింది. మా వీధిలో సగం మంది ఆ నూనె కోసం గిన్నెలు పట్టుకుని వచ్చారు. అమ్మ ఎవరికీ లేదనలేదు. మందార నూనే నా జుట్టు నిలబెట్టిందని బి.ఫార్మసీలో చేరేదాకా నేనూ నమ్మాను.

కాలేజీలో పాఠం చెబుతుంటే అర్థమైంది. మన తల మీద లక్ష దాకా వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకకూ దాని లెక్క దానికి ఉంది. రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపుకుంటుంది, మూడు నెలలు కుదుట్లో ఊరికే ఉండి, ఊడిపోతుంది. ఆ కుదురే మళ్ళీ కొత్త వెంట్రుకను మొలిపిస్తుంది. అందుకే రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. అయితే టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్ లాంటి పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో, తిండి మానేసి బరువు తగ్గడమో జరిగితే, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా పెరగడం ఆపేస్తాయి. అవి ఊడేది ఆ రోజు కాదు. కుదుట్లో ఉండే గడువు తీరాక, రెండు మూడు నెలలకు. అందుకే అక్టోబరులో డెంగ్యూ వచ్చినవాళ్ళు సంక్రాంతికి నా కౌంటర్ దగ్గరికి వస్తారు. కాన్పయిన అమ్మాయి బిడ్డకు మూడో నెల నిండేసరికి వస్తుంది. అప్పటికి జ్వరం సంగతి ఎవరికీ గుర్తుండదు. "నీళ్ళు పడలేదండీ, షాంపూ మార్చానండీ" అంటారు.

ఈ రకం రాలడం ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. కుదుళ్ళు చచ్చిపోలేదు కదా. ఆ ఆరు నెలల్లో మీరు ఏం రాసుకున్నా, ఆ పేరు దానికి వస్తుంది. మందార రాస్తే మందారకు, ఉల్లి రాస్తే ఉల్లికి, ఎనిమిది వందల రూపాయల సీరమ్ రాస్తే సీరమ్‌కు. మా అమ్మ చేసిన మోసం ఏమీ లేదు. ఆమె కళ్ళెదుట జరిగింది చూసి నమ్మింది. మన దగ్గర నూనెలకు ఇంత పేరు రావడానికి ఇదే మూలమని నా అభిప్రాయం. వాడినవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళకు నిజంగానే జుట్టు వచ్చింది. కాని అది వచ్చేదే.

ఇదే ధోరణిలో మనకు ఇంకో నమ్మకం ఉంది. గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని. తిరుపతి మొక్కు తీర్చుకోవడం వేరు, అది భక్తి. జుట్టు పలచబడిందని పిల్లలకు ఏడాదికి మూడుసార్లు గుండు కొట్టించేవాళ్ళు ఉన్నారు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శరీరశాస్త్రవేత్త గీకిన వెంట్రుకలను కొలిచి చూసి, గీకడం వల్ల లావు గాని, పెరిగే వేగం గాని మారదని తేల్చారు. కత్తికి తగిలేది పైనున్న వెంట్రుకే, చర్మం లోపలి కుదురుకు ఆ సంగతే తెలియదు. కొత్తగా వచ్చే వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా అనిపిస్తుంది, అంతే.

మరి తనంతట తాను సర్దుకోని రాలడం ఏది? ఆ అబ్బాయిది అదే. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరుగుతూ, నడినెత్తిన పలచబడుతూ పోవడం. ఆడవాళ్ళలో నుదుటి అంచు అలాగే ఉండి, పాపిట వెడల్పవుతూ వస్తుంది. దీనికి కారణం నీళ్ళూ కాదు, షాంపూ కాదు, హెల్మెటూ కాదు. మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ అనే హార్మోను ఒక ఎంజైము చేతిలో పడి డీహెచ్‌టీ అనే మరింత గట్టి హార్మోనుగా మారుతుంది. పుట్టుకతో దానికి లొంగే గుణం ఉన్న కుదుళ్ళు, ప్రతి విడతకూ కాస్త చిన్నవవుతాయి. వెంట్రుక పొట్టిదై, సన్నమై, చివరికి నూగులా మిగులుతుంది. "మీ నాన్నగారికి?" అని ఆ అబ్బాయిని అడిగితే, "నాన్నకీ ఉంది, మా మేనమామకీ ఉంది మేడమ్" అన్నాడు. ఇక్కడ కాలమే ముఖ్యం. కుదురు చిన్నదవుతున్నప్పుడు దాన్ని నిలబెట్టవచ్చు. నున్నగా మెరిసే దశకు వచ్చాక మందు రాయడానికి అక్కడ కుదురంటూ మిగలదు. ఎనిమిది నెలలు ఉల్లి నూనెతో గడిపేశాడే అని నా బాధ.

ఇప్పుడు సొరుగు తెరుద్దాం. అందులో ఉన్న రెండు మందులూ బట్టతల కోసం వెతికితే దొరికినవి కావు.

మినాక్సిడిల్ బీపీ మాత్ర. అమెరికాలో అప్‌జాన్ కంపెనీ తయారుచేసింది. ఇతర మందులకు లొంగని రక్తపోటు కోసం 1979లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. మింగినవాళ్ళకు బీపీ తగ్గింది, దాంతోపాటు నుదుటి మీద, చెంపల మీద, చేతుల మీద వెంట్రుకలు మొలిచాయి. ఆడవాళ్ళు బెంబేలెత్తిపోయారు. డాక్టర్లకు మాత్రం ఆలోచన తట్టింది: మింగకుండా తలకు రాస్తే? అలా రాసే 2 శాతం ద్రావణానికి 1988లో మగవాళ్ళ కోసం, 1991లో ఆడవాళ్ళ కోసం అనుమతి వచ్చింది. 1996 నుంచి అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్ముతున్నారు. కాబట్టి కౌంటర్ మీద చేతికిచ్చేదల్లా ఉత్తిదే అనుకోనక్కర్లేదు. చీటీ అక్కర్లేకపోవడం వేరు, రుజువు లేకపోవడం వేరు. 2002లో అచ్చయిన ఒక పరీక్షలో 393 మంది మగవాళ్ళకు, ఎవరికి ఏది ఇస్తున్నదీ చెప్పకుండా, కొందరికి 5 శాతం మందు, కొందరికి 2 శాతం, కొందరికి మందు లేని ఉత్తి ద్రావణం ఇచ్చి 48 వారాలు చూశారు. 5 శాతం రాసినవాళ్ళకు 2 శాతం వాళ్ళకన్నా 45 శాతం ఎక్కువ జుట్టు మొలిచింది. ఉత్తి ద్రావణం రాసినవాళ్ళు రెండు గుంపులకన్నా వెనకబడ్డారు. రుజువు అంటే ఇలా ఉండాలి. ఎవరో ఒకరి ముందు ఫోటో, తర్వాత ఫోటో కాదు.

ఫినస్టెరైడ్ కథ ఇంకా దూరం నుంచి వచ్చింది. కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశం. అక్కడి ఒక మారుమూల పల్లెలో కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించేవారు, పన్నెండేళ్ళ వయసు వచ్చేసరికి మగపిల్లలయ్యేవారు. జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ అనే వైద్యురాలు ఆ పల్లెకు వెళ్ళి, ఆ కుటుంబాలను పరీక్షించి, 1974లో సంగతి లోకానికి చెప్పారు. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైము వాళ్ళలో సరిగా లేదు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ ప్రోస్టేట్ గ్రంథి చిన్నగా ఉంది, వాళ్ళలో ఎవరికీ నుదుటి జుట్టు వెనక్కి పోలేదు. ఆ ఎంజైమును మందుతో అణిస్తే ఎలా ఉంటుందని మెర్క్ కంపెనీ పట్టుకుంది. ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్ర 1992లో, బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్ర 1997 డిసెంబరులో వచ్చాయి. రెండేళ్ళ పరీక్షల్లో, మందు వేసుకున్న నూరుమందిలో 83 మందికి జుట్టు ఇంకా తగ్గకుండా నిలిచింది. ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 28 మందికే. నేను ఈ రెండంకెలూ ఎప్పుడూ గుర్తు పెట్టుకుంటాను, ఎవరడిగినా చెబుతాను.

అయితే ఇది కౌంటర్ మీద అడిగి తీసుకెళ్ళే మాత్ర కాదు. చీటీ లేకుండా నేనివ్వను, ఎవరిచ్చినా తీసుకోకండి. అనుమతికి ముందు చేసిన పరీక్షల్లో నూటికి నలుగురికి లోపు మగవాళ్ళకు కోరిక తగ్గడమో, పటుత్వం తగ్గడమో కనిపించింది. ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అది నూటికి ఇద్దరు. చాలామందికి మందు ఆపితే తగ్గింది. కొందరు ఆపాక కూడా ఇబ్బంది పోలేదని చెప్పారు. ఆత్మహత్య ఆలోచనలు రావడం దీని దుష్ప్రభావాల్లో ఒకటని 2025లో ఐరోపా మందుల సంస్థ ధ్రువీకరించింది. మనసు దిగులుగా ఉండే స్వభావం ఉన్నవాళ్ళు, అంతకుముందు డిప్రెషన్‌కు మందులు వాడినవాళ్ళు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. దాచుకుంటే నష్టం మనకే. గర్భిణి ఈ మాత్రను మింగడం అటుంచి, విరిగిన మాత్రను చేత్తో కూడా ముట్టుకోకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే జననావయవాల ఎదుగుదల దెబ్బతినవచ్చు. భర్త మాత్రలు డబ్బాలో సర్దేది ఇంట్లో ఆడవాళ్ళే కదా, అందుకే నొక్కి చెబుతున్నాను. వాడుతున్నవాళ్ళు రక్తదానం చేయకూడదు, మానేశాక నెలరోజులు ఆగాలి. యాభై దాటినవాళ్ళకు ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్షలో అంకె ఈ మందు వల్ల సగానికి పడిపోతుంది. పరీక్ష రాసే డాక్టర్‌కు చెప్పకపోతే జబ్బు దాక్కుంటుంది.

ఇంత చెబుతున్నానని సొరుగు మూసేయమని కాదు. దుష్ప్రభావం ఎంతో కొలిచి, అట్ట మీద రాసిన మందు అది. అద్దాల అల్మరాలో సీసాల మీద "దుష్ప్రభావాలు లేవు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లేవని ఎవరు కొలిచారు?

ఇప్పుడు అల్మరాలోవాటి మీద ఏం రుజువులున్నాయో న్యాయంగా చూద్దాం. ఉల్లిరసం మీద ఒక పరీక్ష ఉంది. ఇరాక్‌లో జరిగింది, 2002లో అచ్చయింది, 38 మంది మీద. రోజుకు రెండుసార్లు ఉల్లిరసం రాస్తే, ఆరు వారాల్లో ఎక్కువమందికి జుట్టు మొలిచింది, నీళ్ళు రాసినవాళ్ళలో కొద్దిమందికే మొలిచింది. కాని ఆ 38 మందికీ ఉన్నది బట్టతల కాదు, పేనుకొరుకుడు. పేనుకు దానితో సంబంధం లేదు, పేరు అలా స్థిరపడింది. మన ఒంట్లో రక్షణ కణాలే పొరపాటున కుదుళ్ళ మీద పడటం వల్ల, రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడిపోతుంది. చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది. రాకపోతే చర్మ వైద్యులు అక్కడ స్టెరాయిడ్ సూది వేస్తారు. తల మీద జుట్టు చాలావరకు ఊడిపోయే తీవ్రమైన రకానికి 2022లో బారిసిటినిబ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఉల్లిరసం మీద జరిగిన ఆ చిన్న పరీక్షను చూపించి, ఉల్లి నూనెను బట్టతలకు అమ్ముతున్నారు. అక్కడ రాసింది పచ్చి ఉల్లిరసం, ఇక్కడ సీసాలో ఉన్నది నూనె. జబ్బూ వేరు, మందూ వేరు.

రోజ్‌మేరీ నూనె సంగతి కాస్త మెరుగు. 2015లో ఇరాన్‌లో నూరుమంది మగవాళ్ళను తీసుకుని, సగం మందికి రోజ్‌మేరీ, సగం మందికి 2 శాతం మినాక్సిడిల్ ఇచ్చి ఆరు నెలలు చూశారు. రెండింటికీ కొద్దిపాటి పెరుగుదలే, ఇంచుమించు సమానంగా కనిపించింది. ఉత్తి నూనె రాసిన మూడో గుంపు అంటూ లేదు. ఒక్క పరీక్ష, అందులోనూ బలహీనమైన 2 శాతంతో పోలిక. కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు, డబ్బు పెట్టడానికి అది చాలదు.

కొబ్బరినూనెను మాత్రం నేనెప్పుడూ తీసేయను. 2003లో ముంబై పరిశోధకులు చూపించారు, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలంటినప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. పొద్దుతిరుగుడు నూనె గాని, మినరల్ ఆయిల్ గాని ఆ పని చేయలేవు. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళేనన్నది కూడా చెప్పడం నా ధర్మం. ఏమైనా, అది వెంట్రుకకు మేలు, కుదురుకు కాదు. మా అమ్మ నూనె చేసిన పని అదే, నా జడ చిట్లకుండా చూసింది. అది చిన్న పని కాదు.

ఇక బయోటిన్. ఒంట్లో బయోటిన్ లోపం ఉన్నవాళ్ళకు జుట్టు రాలుతుంది, నిజమే. కాని మామూలు తిండి తినేవాళ్ళలో ఆ లోపం అరుదు. లోపం లేనివాళ్ళు మింగితే జుట్టు పెరుగుతుందన్న గట్టి రుజువు లేదు. పైగా పెద్ద మోతాదులో వేసుకుంటే రక్తపరీక్షలు తప్పుగా రావచ్చని 2017లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష ఉన్నా లేనట్టు చూపించవచ్చు. థైరాయిడ్ అంకెలు తారుమారు కావచ్చు. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుని, జుట్టు రాలడానికి కారణం వెతకడానికి థైరాయిడ్ పరీక్షకు పోతారు. ఆ పరీక్షే తప్పయితే? ల్యాబ్‌కు పోయే ముందు బయోటిన్ వేసుకుంటున్నానని తప్పక చెప్పండి.

ఆడవాళ్ళకు ఇంకో మాట. బయోటిన్ కన్నా ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిలవ చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. ఐరన్ తక్కువైనా జుట్టు రాలుతుంది. నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు, దానికి మందు వేరే. జడ బిగించి వేసి, బరువైన సవరాలు కట్టి, ఏళ్ళ తరబడి లాగితే కణతల దగ్గర జుట్టు శాశ్వతంగా పోతుంది. దానికి మందు జడ వదులు చేసుకోవడమే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మినాక్సిడిల్‌కు అనుమతి వచ్చిన మరుసటి ఏడాది, 1989లో, అమెరికా ఎఫ్‌డీఏ ఒక నియమం తెచ్చింది. అప్పటికి చీటీ లేకుండా అమ్ముతున్న జుట్టు మొలిపించే మందులు వేటికీ తగిన రుజువు లేదని, అలా చెప్పుకుని అమ్మకూడదని. విటమిన్లు, గోధుమ మొలకల నూనె లాంటివి అందులోకి వచ్చాయి. మన దేశంలో ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదన్నది దాని అర్థం. క్యాన్సర్, ఎయిడ్స్, మధుమేహం సరసన ఆ జాబితాలో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడమూ ఉంది. అంటే బట్టతల పోగొడతామని అట్ట మీద రాసిన సీసా, ఆ మాట రాసినందుకే నిబంధన మీరినట్టు. అందుకే తెలివైనవాళ్ళు "నయం" అనరు, "పోషణ" అంటారు, "బలం" అంటారు. ఆ మాటలకు కొలత లేదు.

ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. నేను అతన్ని చర్మ వైద్యుడి దగ్గరికి పంపాను. ఆయన 5 శాతం మినాక్సిడిల్ రాశారు, ఫినస్టెరైడ్ గురించి మంచీ చెడూ వివరించి ఆలోచించుకోమన్నారు. సీసా ఇస్తూ, రాసే పద్ధతి కూడా చూపించాను. తల పొడిగా ఉండాలి, నూనె ఉండకూడదు. డ్రాపర్‌లో ఒక మిల్లీలీటరు గీతదాకా తీసుకుని, పాయలు విడదీసి, చర్మానికి తగిలేలా రాయాలి, జుట్టుకు పూస్తే దండగ. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నాలుగు గంటలదాకా తల తడపకూడదు. 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెల వస్తుంది. రెండుసార్లు రాస్తే ఇంత, నాలుగుసార్లు రాస్తే రెట్టింపు అనేది లేదు. ఎక్కువ రాస్తే గుండె దడ, తల తిరగడం రావచ్చు, అది బీపీ మందని మరిచిపోకూడదు.

మూడు వారాలకే పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, రాస్తుంటే ఇంకా ఎక్కువ ఊడుతోంది, మానేశాను." చాలామంది ఇక్కడే మానేస్తారు, నాకు బెంగ కలిగించేది ఈ మూడో వారమే. పెరగడం ఆపి కుదుట్లో ఊరికే ఉన్న పాత వెంట్రుకలను, కింద కొత్తది మొదలై తోసేస్తుంది. అందుకే మొదట రాలడం ఎక్కువవుతుంది. రెండు నెలల్లో అది ఆగుతుంది. "బాబూ, నాలుగు నెలలు రాయి, ఆ తర్వాత నన్ను తిట్టు" అని మళ్ళీ మొదలుపెట్టించాను. ఏడాదికి నడినెత్తి బాగా నిండింది. నుదుటి మూలలు మాత్రం ఉన్న చోటనే ఉన్నాయి, ముందుకు రాలేదు. అక్కడికి ఆగినా అతనికి సంతోషమే. రాయడం మానేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిందంతా పోతుందనీ, వాడినన్నాళ్ళే ఫలితమనీ చెప్పాను. నెలనెలా ఆ ఖర్చు పెట్టుకోగలడా లేదా అన్నది అతను నిర్ణయించుకోవాల్సిన సంగతి. బట్టతల జబ్బు కాదు, ప్రాణం తీసేది కాదు. మందు వద్దు, ఇలాగే ఉంటాను అన్నవాళ్ళ మీద నాకు గౌరవమే.

పెళ్ళిచూపుల్లో జుట్టు చూసి సంబంధం వద్దనుకున్నారని ఏడుస్తూ వచ్చినవాళ్ళను చూశాను. ఆ దుఃఖం చిన్నదని నేననను. ఆ దుఃఖం మీద వ్యాపారం చేయడం నాకు మింగుడుపడదు. ఇప్పుడు మా అద్దాల అల్మరాలో కింది వరస ఖాళీ చేసి, హిమోగ్లోబిన్ పరీక్ష ఎక్కడ చేస్తారో రాసిన కాగితం అతికించాను.

ఇంట్లో చంటిపిల్లలున్న తండ్రులకు ఒక హెచ్చరిక. మినాక్సిడిల్ రాసుకున్న తల పసిబిడ్డ నోటికి, చర్మానికి తగలనివ్వకండి. అలా తగిలి పిల్లల ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచిన సంఘటనలు బయటపడ్డాక, 2024లో ఐరోపాలో హెచ్చరిక జారీ చేశారు. పిల్లిని పెంచుకునేవాళ్ళు మరీ జాగ్రత్త, పిల్లికి అది విషం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందు జోలికి పోవద్దు.

చివరిగా మీకు నా విన్నపం. జుట్టు రాలుతోందని తోచిన రోజున, సీసా కొనకండి. పగటి వెలుతురులో పాపిట దగ్గర, నడినెత్తి దగ్గర ఫోటో తీసి పెట్టుకోండి. గడిచిన మూడు నెలల్లో జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఉపవాసం ఏమైనా ఉన్నాయా గుర్తు చేసుకోండి. ఉంటే ఆరు నెలలు ఓపిక పట్టండి. లేకపోతే, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది, అక్కడ చూపించుకోండి. ఏ సీసా కొన్నా, మీ ఊరి మందుల షాపులో ఫార్మసిస్టును ఈ ప్రశ్న అడగండి: ఇందులో ఏ మందుంది, ఎంత శాతం ఉంది? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ జవాబు చెప్పడానికే మేమక్కడ కూర్చున్నాం.